అక్క కంప్యూటర్, అమ్మ కుట్టు మిషన్

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం నాయిన బోరబండ స్టేషన్‌లో రైలు దిగి, భుజం మీద పాత కంప్యూటర్ డబ్బా మోసుకుంటూ ఇంటికొచ్చాడు. కీబోర్డు పట్టుకుని వెనకాలే నేను...

నాయిన హైటెక్ సిటీలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. కట్టబోయే బిల్డింగులకు ముందే బొమ్మలు గీసే ఆఫీసు అది. వాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే, "మా పెద్దపిల్ల బొమ్మలు నేర్చుకుంటుంది సార్" అని అడిగి తెచ్చాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి... ఆ ఒక్కసారి అడిగాడు.

మాది ఒకటే గది. ఒక మూల వంట. కిటికీ కింద అమ్మ కుట్టు మిషన్. దాన్ని ఆనుకునే అక్క కంప్యూటర్. ఇంటర్ అయ్యాక అక్క యానిమేషన్ నేర్చుకుంటోంది. నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మ జాకెట్లు కుడుతుంటే, పక్కన అక్క తెరమీద ఒక కోడిని నడిపించేది... పిల్లలను వెంటేసుకుని రైలు పట్టాలు దాటే కోడి. మొత్తం ఒక్క నిమిషం బొమ్మ.

సోమవారం పొద్దునకల్లా దాన్ని పూర్తిచేసి మాదాపూర్‌లో ఒక స్టూడియోలో చూపించాలి. నచ్చితే పనిలోకి తీసుకుంటారు.

శనివారం మధ్యాహ్నం, మండుటెండలో... కోడి సగం పట్టాలు దాటిందో లేదో తెర నిండా ఆకుపచ్చ గీతలు పడి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ పెడితే పది నిమిషాలు నడిచి, మళ్ళీ ఆగింది.

కరెంటు సరిగ్గా రావడం లేదేమోనని అక్క ప్లగ్గు మార్చింది. లాభం లేదు. డబ్బా పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టింది. కాసేపు బాగానే ఉండి మళ్ళీ అదే తంతు. చివరికి, తెరమీదికి బొమ్మలు తెచ్చే గ్రాఫిక్స్ కార్డు ఎంత వేడెక్కుతోందో చూపించే అంకెను ఒక మూలకు పెట్టి, చదివే పని నాకు అప్పగించింది.

"తొంభై నాలుగు... తొంభై తొమ్మిది... నూట రెండు..."

అమ్మ మిషన్ తొక్కడం ఆపింది.

"ఎవలికే అంత జరం?"

"అక్క బొమ్మల కార్డుకు" అన్నాను.

అక్క నవ్వలేదు. మోకాళ్ళలో మొహం పెట్టుకుని కూర్చుంది. "ఇగ కాదే అమ్మా... సోమవారం నేను పోను" అంది. అమ్మ దాని తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు.

ఆదివారం పొద్దున అక్క ప్లగ్గు పీకేసి, కార్డును బయటికి తీసింది. అరచెయ్యంత ఫ్యాను, దాని కింద సన్నటి అల్యూమినియం రెక్కలు. ఆ రెక్కల మధ్య... రంగురంగుల నూలు పోగులు! ఎరుపు, పసుపు, నెమలిపింఛం రంగు. గాలి పోయే సందే లేదు.

నాకు భలే ముచ్చటేసింది. అమ్మ మాత్రం దగ్గరకొచ్చి వంగి చూసింది. ఏ పోగు ఏ జాకెట్టుదో ఆమెకు తెలుసు. ఎర్రది పక్కింటి పెళ్లికూతురిది, పసుపుది మా స్కూల్ టీచరమ్మది...

"నా మిషన్ నూలే కదనే ఇది... నేనే దీన్ని ఖరాబ్ చేసిన" అంది. ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం నాకింకా గుర్తుంది.

అక్క ఏదో చెప్పేలోపే మిషన్‌ను గడప దాకా జరిపి, అక్కడి నుంచి మెట్ల దగ్గరి రేకుల కిందికి లాగేసింది. పొద్దున పదికే నిప్పులు చెరిగే చోటు అది. చేతిలో పెళ్ళి జాకెట్లు... కుట్టకుండా కుదరదు. అక్కడే స్టూల్ వేసుకుని తొక్కడం మొదలుపెట్టింది.

అక్క పిన్నీసుతో ఒక్కో పోగూ లాగింది. నేను రంగుల కుంచెతో దుమ్ము దులిపాను. రెక్కలు శుభ్రమయ్యాయి కానీ ఫ్యాన్ మాత్రం వేలితో తోస్తే గరగరమని అక్కడే ఆగిపోతోంది. ఆ చప్పుడు విని అమ్మ లోపలికొచ్చింది, చెంగుతో చెమట తుడుచుకుంటూ.

"పోగులు తీస్తే సాలదు బిడ్డా. నూనె ఎండింది దానికి. యాడ తిరుగుతదో జర సూపియ్యి."

అక్క ఫ్యాన్ నడిమధ్యనున్న స్టిక్కర్ లేపింది. అమ్మ సూది మొనతో మిషన్ నూనె ఒక్క చుక్క... ఒకే ఒక్క చుక్క... వేసి, పైన మిగిలింది దూదితో అద్ది, వేలితో తోసింది. ఫ్యాన్ చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది.

కార్డు మళ్ళీ బిగించి, పక్క రేకు మూసి కంప్యూటర్ పెట్టాం. నేను చదువుతున్నాను... "అరవై రెండు... అరవై ఎనిమిది... డెబ్భై ఒకటి..." అక్కడే నిలబడింది. కోడి పట్టాలు దాటింది, పిల్లలన్నీ దాటాయి.

అమ్మ మళ్ళీ బయటికి నడిచింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మిషన్ లోపల పెట్టమ్మా."

"వద్దే, మళ్ళ నూలు పోతది."

"పోతె తీసుకుందం. నువ్వు ఎండల కూసుంటె నాకిక్కడ చెయ్యి ఆడదు."

పాత వాయిల్ చీర ముక్క వెతికి, గాలి ఆడేలా ఒకే పొర చేసి, కంప్యూటర్ గాలిరంధ్రాల మీద కట్టింది అక్క. వారానికోసారి ఆ గుడ్డ ఉతికే పని నాది. మిషన్ తిరిగి కిటికీ కిందికి వచ్చింది.

సోమవారం ఆ స్టూడియో వాళ్ళు బొమ్మను రెండుసార్లు చూశారట. వెనకబడిపోయి పరిగెత్తే ఆఖరి కోడిపిల్లను చూసి నవ్వారట. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. అక్క వచ్చి చెబితే అమ్మ అడిగిన మాట ఒక్కటే... "నడుమల ఆగలేదు కద?"

ఇప్పుడు అక్క లింగంపల్లిలో ఉంటోంది. నాయిన పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. మూడు గదుల ఇల్లు... అమ్మకో గది, నాకో గది. ఏసీ చల్లదనం పోతుందని తలుపులు వేసుకుంటాం. అమ్మ మిషన్ చప్పుడు నాకు వినబడదు... నా కంప్యూటర్ ముందు నేనెందుకు తల పట్టుకుని కూర్చున్నానో అమ్మకు తెలియదు.

మీ ఇంట్లోనూ ఒకే గదిలో పక్కపక్కన నడిచిన పనులుండే ఉంటాయి... కింద రాయండి. ఈ రాత్రి అమ్మ గదిలో కూర్చుని చదివి వినిపిస్తాను.