ఈతకొలను గేటుకు కట్టిన చీర పేలిక

కమ్లి వచ్చిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా ఆఫీసు అటెండరు సోమక్క. నా రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక గురువారం పొద్దున. నేనప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఒక మండల ఇంజనీరింగు ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరును.

"బయట తండా ఆమె నిలబడ్డది మేడం. లోపలికి రమ్మంటె వస్తలేదు. చెప్పులు చేతుల పట్టుకొని, కొలతల మేడం కావాలె అంటున్నది" అన్నది సోమక్క.

వర్క్ ఇన్‌స్పెక్టరంటే పెద్ద హోదా కాదు. పని జాగకు పోయి కొలతలు తీసి, చూసింది చూసినట్టు రాసి, అసిస్టెంటు ఇంజనీరు, అంటే ఏఈ గారి బల్ల మీద పెట్టడం. సంతకం వారిది, కళ్లు మావి. నేను బడిలో చదివినదాన్ని కాదు. తరిగొప్పుల దగ్గరి మా ఊళ్లో మా బాపు సుతారి, గోడలు కట్టే మేస్త్రి. చిన్నప్పుడు నా కాలు బాగుండక బడి దాకా నడవలేకపోతే, ఆయనే ఇంట్లో అక్షరాలతోపాటు టేపు, గుండు, మట్టం నేర్పాడు. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను, తర్వాత డ్రాఫ్ట్స్‌మన్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఆ చదువుతోనే భూపాలపల్లిలో మొదలుపెట్టి ఇన్నేళ్లూ అన్నం తిన్నాను. అందుకు దేవునికీ బాపుకీ ఒకటే దండం.

ఆ వారం నా చేతిలో ఉన్న ఫైలు నెల్లికుదురు దారిలోని ఒక తోట ఇంటిది. యజమాని హన్మకొండలో ఉంటారు. సెలవు రోజుల్లో కుటుంబాలకు అద్దెకివ్వడానికి ఈతకొలను పెట్టించారు. నేలలో తవ్వింది కాదు, నడుమెత్తు నేల మీదే నిలబెట్టింది. దాని అంచుదాకా ఇంటి వరండా నుంచి చెక్కల అరుగు వేశారు. కట్టేవాళ్లు దాన్ని డెక్ అంటారు. ఎత్తు మీదున్న కొలనుతో ఒక మేలుంది, పాకే పిల్ల నేల మీంచి దానిలో పడదు. డెక్ వేసిననాడే ఆ మేలు పోతుంది. మెట్లెక్కితే కాళ్ల ముందే నీళ్లు. అందుకే డెక్ చుట్టూ కంచె ఉండాలె. కంచె ఊచల మధ్య పిల్ల తల దూరొద్దు, కాలు పెట్టి ఎక్కడానికి అడ్డకమ్మి ఉండొద్దు. మెట్ల దగ్గరి గేటు బయటికి తెరుచుకొని, వదిలితే స్ప్రింగుతో దానంతటదే మూసుకోవాలె. గడియ పిల్ల చెయ్యి అందనంత పైన. కంచె పక్కన కుర్చీ గాని మంచం గాని వెయ్యొద్దు. వరండా తలుపుకూ పైన ఇంకో గడియ.

ముందురోజే వస్తున్నట్టు ఫోన్ చేసి, సోమవారం పోయి అన్నీ చూశాను. గేటు మూడుసార్లు వదిలాను, మూడుసార్లూ టక్కున మూసుకున్నది. చెక్కలు కడిగి ఉన్నాయి. నీళ్లు గుంజే పైపు మీద జాలీ గట్టిగా ఉన్నది. నాకు సంతోషమైంది. అన్నీ సరిగా ఉన్నాయని రాసి ఫైలు ఏఈ గారికి పంపాను. ఆదివారం మొదటి కుటుంబం పిల్లలతో దిగాలి.

ఆ తోటను కనిపెట్టుకొని ఉండేది కమ్లే. కూతురుతో, నాలుగేళ్ల మనవరాలితో అక్కడి గదిలోనే ఉంటుంది. ఆ గురువారం నేనే బయటికి పోయి ఆఫీసు అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చేతిలోని చెప్పులు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"మేడం, గేటు మంచిదే. మీరొచ్చిన నాడు నేను మీకు అబద్ధం చూపిచ్చిన."

రోజూ ఆ డెక్ మీద తోటలో పండిన మిరపకాయలు ఆరుతాయట, ఇన్‌స్పెక్షన్ నాడు మాత్రం ఎత్తేసిందట. ఎత్తు జాగ, మేకలు రావు, చెక్క వేడికి కాయ రెండు రోజులు ముందే ఎండుతుంది. రెండు చేతులా గంప పట్టుకొని పోయేటప్పుడు గేటు వచ్చి వీపుకు కొడుతుందని, పాత చీర పేలికతో దాన్ని కంచెకు కట్టేసింది. మొన్న మధ్యాహ్నం కాయ తిరగేసి కిందికి దిగింది. మళ్లీ చూస్తే నీళ్ల మీద ఎర్రగా మిరపకాయలు తేలుతున్నాయి. మనవరాలు అంచున బోర్లా పడుకొని ఒక్కొక్కటే విసురుతున్నది, ఇంకొకటి అందుకోవడానికి సగం నీళ్ల మీదికి వంగి. కమ్లి పిలవలేదు. పిలిస్తే ఉలిక్కిపడుతుందని చప్పుడు లేకుండా ఎక్కి, కాళ్లు పట్టి వెనక్కి గుంజింది.

ఎవరూ చూడలేదు. చెప్పకపోతే తెలిసేది కాదు. చెప్తే పని పోతుంది, పనితోపాటు గది పోతుంది. అది ఆమెకు నాకన్న బాగా తెలుసు. అయినా ఎందుకు వచ్చావని అడిగాను.

"ఐతారం నాడు వేరేవాళ్ల పిల్లలొస్తరు. నేను పేలిక ఇప్పుత మేడం. నేను లేని నాడు ఇంకొకరు కడ్తరు. కాయకు జాగ లేదు గద."

సోమక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "తప్పులు దాచుమని వచ్చేటోళ్లనే చూసిన గని, ఇంటినుంచి మోసుకొచ్చి ఇచ్చేటోళ్లను చూడలే" అని, లోపలికి పోయి చాయ్ తెచ్చింది.

పంపిన రిపోర్టును వెనక్కి తీసుకోలేము. దాని వెనక అదనపు పరిశీలన పత్రం జతచేయాలి. ఏఈ గారికి నా పొరపాటు చెప్పి, చెప్పాపెట్టకుండా ఆ మధ్యాహ్నమే మళ్లీ పోయాను. ముందే చూడవలసింది ఇప్పుడు చూశాను. గేటు కమ్మికి పేలిక ఒరుసుకున్న గీత, చెక్కల సందుల్లో మిరపగింజలు. నీ పేరు రాయనా అని కమ్లిని అడిగితే, రాయుండ్రి, లేకుంటె తప్పు నా బిడ్డ మీదికి పోతది అన్నది. నేను పేరుతో పాటు, ఆమె తనంతట తానే వచ్చి చెప్పిందనీ, పంట ఆరబోయడానికి వేరే జాగ లేకపోవడమే అసలు లోపమనీ రాశాను.

యజమాని శనివారం వచ్చి మొదట కోపం చేశారు, ఈ రోజే పంపించేస్తానన్నారు. నేను వారికి ఒకటే చెప్పాను: కొత్తగా వచ్చేవాళ్లకూ రెండే చేతులుంటాయి, వాళ్లూ కాయ ఆరబోస్తారు. పైగా వాళ్లు వచ్చి చెప్పకపోవచ్చు. ఆయన గేటును తానే ఒకసారి తెరిచి వదిలి చూశారు. ఆదివారం వచ్చేవాళ్లకు ఫోన్ చేసి వద్దన్నారు. తర్వాత కమ్లిని పిలిచి, కాయ ఆరబోసే కల్లం ఎక్కడ పోయించాలె అని అడిగారు. అలా అడిగినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఆమె చూపించిన జాగ ఎండ ఎక్కువుండేది కాదు. "గీడైతె కాయ తిరగేసుకుంట గేటు కండ్లపడ్తది" అన్నది. చుట్టూ ముళ్లకంప వేస్తే మేకలు రావన్నది. పది రోజుల్లో సిమెంటు కల్లం తయారైంది. దానితోపాటే గేటు స్ప్రింగు కూడా కొత్తది మార్చారు. ఆ రెండూ చూశాకే, ఇప్పుడు అన్నీ సరిగా ఉన్నాయని నా రెండో రిపోర్టు పోయింది.

ఆ తర్వాత మిగిలిన నెలల్లో నేను పద్ధతి మార్చుకున్నాను. ముందు ఫోన్ చేయలేదు. పని నడిచే వేళకే పోయాను. గేటు పట్టి చూసేముందు, రోజూ దాన్ని దాటేవాళ్లను, దాటేటప్పుడు చేతుల్లో ఏముంటుందని అడిగాను. ఇనుము గట్టిదా కాదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ఇది చదివినవాళ్లు నన్ను గుర్తుపెట్టుకోనక్కరలేదు. పిల్లలున్న చోట నీళ్ల దగ్గర గేటు వేసేటప్పుడు, చెప్పులు చేత పట్టుకొని మా ఆఫీసు దాకా వచ్చిన కమ్లిని ఒకసారి తలుచుకోండి.