మూడు పోర్షన్లకు ఒకే మీటరు

కరెంటు స్లాబులు మారిన సంగతి మాకు మొదట చెప్పింది రీడింగు తీసే ఆయన. పుంగనూరులో మేం మూడు కుటుంబాలు అద్దెకుండిన ఇంటికి ఒకటే మీటరు. బిల్లు నా చేతిలో పెట్టి, "మూడిండ్ల కరెంటు ఒక మీటర్లో తిరిగితే సర్కారు లెక్కలో మీరు పెద్దింటోళ్లేమ్మా. వాడకం పెరిగేకొద్దీ రేటూ పెరగతాది," అన్నాడు. వేరే మీటర్లు అడిగితే కుప్పంలో ఉండే ఇంటాయన ఒప్పుకోలేదు. కట్టలేకపోతే ఖాళీ చేయమన్నాడు.

నేను బడికి పోలేదు. అమ్మ బైబిలు ముందు పెట్టుకొని ఇంట్లోనే చదువు నేర్పింది. అది దేవుడు చేసిన మేలని ఇప్పటికీ అంటాను. ఆ చదువు వల్లే బిల్లు చూసి ఎక్కడ తగ్గించాలో చెప్పడం నా పనైంది. చూశాను. ఎక్కువ లాగేది వెనక పోర్షన్లోని ఆక్సిజన్ మిషను.

అది ఆయమ్మది. మదనపల్లె ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి, ఊపిరితిత్తులు పాడై మా పక్కకు వచ్చింది. మిషను ఎవరో దాత కొనిచ్చారు.

"ఏమప్పా, నా గాలికి గూడా బాడిగ కట్టల్నా?" అంది, ముందు పోర్షన్లో ఉండే టమోటా మండీ కూలాయనతో.

ఆయన నవ్వలేదు. "నా బిడ్డలు ఫ్యాను లేకుండా పండుకుంటాండారు. నువ్వు పగలంతా దేనికి ఏసుకునేదమ్మా?"

ఆయమ్మ నా వైపు తిరిగింది. "సదువుకున్నదానివి, నువ్వు సెప్పు."

"పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆపి చూద్దామమ్మా," అన్నాను. రోజుకు పదహారు గంటలు తగ్గకూడదని డాక్టరు రాసిన చీటీ ఆమెకు చదివి వినిపించింది నేనే. ఆమె వేసుకునేదీ సరిగ్గా అంతే.

"సరేలే. దేవుని బిడ్డవి, నువ్వు సెడ్డ సెప్తావా."

రెండో వారానికి ఎవరూ అడగకుండానే మధ్యాహ్నం దాకా ఆపేసేది. గడపలో కూర్చుని, భుజాలు ఎగరేసి గాలి లాక్కుంటూ, "తగ్గిందా?" అని అడిగేది. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. అందరం చూశాం.

తగ్గింది. మరుసటి బిల్లు కింది స్లాబులో వచ్చింది. గురువారం గృహ ప్రార్థనలో లేచి నిలబడి ప్రభువుకు వందనాలు చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. గోడకు ఆనుకుని ఆయమ్మ కూడా అంది. ఆ ఒక్క మాటకూ ఊపిరి చాలక సగంలో ఆగిపోయింది.

ఆ వారం తిరగకముందే, మిట్టమధ్యాహ్నం, మిషను ఆపి ఉన్నప్పుడు ఆయమ్మ పోయింది. గొట్టం చక్కగా చుట్టి మేకుకు తగిలించి ఉంది.

"నువ్వేం సేస్తావులేమ్మా," అన్నాడు మండీ కూలాయన. ఆ నెల బిల్లు ఇంకా తగ్గింది.

ఇది చదివినవారు నా కోసం ప్రార్థించనక్కర్లేదు. ఆయమ్మను మాత్రం జ్ఞాపకముంచుకోండి. మమ్మల్ని ఒక్క మాట అనకుండా పోయింది.