వదిన పాలిష్ పెట్టని కారు

పోయిన నెల నేను జైనూర్‌లో మా బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు జమ్మికుంట నుంచి ఫోన్ వచ్చింది. మా అన్న కూతురు.

"కాకా, అవ్వ పోయింది."

ఆ పిల్ల అవ్వ అంటే మా వదిన. ఎప్పుడు పోయింది, ఎట్లా పోయింది అని అడగాలి. నేను వేరేది అడిగాను.

"పండుకునే ముంగట ఎవ్వల్ని తిట్టలేదా బిడ్డా?"

"లేదు కాకా. ఎవ్వల్నేమనలే. నిద్రలనే పోయింది."

ఎవరినీ తిట్టకుండా పడుకుందంటే అప్పుడు నమ్మాను, పోయిందని.

నా చదువు మా ఊరి బడి వరకే. నలుగురిలో మాట్లాడడం కూడా రాదు. కానీ వదిన నోటిని చూసి ఆమె ఇంతే అనుకున్నవాళ్లు జమ్మికుంటలో చాలామంది ఉన్నారు. ఆమె పక్కన నిలబడి ఏండ్లకేండ్లు పనిచేసినవాణ్ని నేను. అందుకని రాస్తున్నాను.

హుజూరాబాద్ పోయే రోడ్డు మీద మా అన్నకు వాషింగ్ షాపు ఉండేది. బండ్లు కడగడం, పాలిష్ పెట్టడం. నేను నీళ్లు కొట్టేవాణ్ని, అన్న పాలిష్ పెట్టేవాడు. అన్నకు కుడిపక్క పడిపోయాక వదిన కొంగు నడుముకు చుట్టి బట్ట చేతికి తీసుకుంది. మొదటి రోజే ఒకాయన నవ్వాడు.

"ఆడిమనిషి బండ్లకేం పాలిష్ పెడ్తది?"

వదిన చేతిలో ఉన్న తడిబట్ట ఆయన ముఖం మీద పడింది. "నీ మొకానికైతె పెట్టలేను గని బండికి పెడ్తా. పక్కకు జరుగు."

అన్న మంచంలోంచే, సగం నోటితో పని చెప్పేవాడు. ఆమె అన్న మీద కూడా అరిచేది, అరుస్తూనే నేర్చుకుంది. అన్న పోయేనాటికి అన్న కంటే బాగా పెట్టేది.

డబ్బా మూత తీసి వేలితో తాకి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసేది. గరుకుగా తగిలితే అది రంగును తినే పాలిష్. వెలిసిపోయిన పాత బండ్లకు తప్ప దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు. కొత్త బండికి అది పెట్టమని ఎవరైనా అడిగితే, "పసిపోరన్ని ఇటుకపెళ్లతోని రుద్దుతార్రా?" అని కొట్టడానికి పోయేది. సీసాలో వచ్చే పల్చటి పాలిష్ తొందర ఉన్నవాళ్లకు. ఆమెకు నచ్చింది గట్టి మైనం. దాన్ని పల్చగా పూసి, తెల్లగా ఆరుతున్నప్పుడే తుడిచేయాలి. ఎండలో అసలు పెట్టరాదు. అందుకని మా షాపు పొద్దు పొడవకముందే తెరిచేవాళ్లం. ఆ రోడ్డు మీద అంత తొందరగా తెరిచేది మాదొక్కటే.

మా ఊరివాళ్లే చేసే తప్పు ఒకటుంది. జమ్మికుంటలో పత్తికి కరువు లేదు. మార్కెట్ దారి పొడుగునా తుమ్మ ముళ్లకు కూడా పత్తి పట్టుకొని ఉంటుంది. మెత్తగా ఉంది కదా అని దోసెడు తీసుకొని బండి రుద్దుతారు. అందులో గింజ పెంకులు, ఎండిన ఆకు ముక్కలు ఉంటాయి. ఎండలో చూస్తే ట్యాంకు నిండా సున్నాలు చుట్టినట్టు గీతలు. ఒక పిలగాడు కొత్త మోటర్‌సైకిల్‌ను అట్లా చేసుకొని వచ్చాడు. వదిన బ్రష్ తిరగేసి వాడి మణికట్టు మీద ఒక్కటి కొట్టింది.

"నీ పెండ్లాన్ని గిట్లనే గీరుతవా? ఊకుంటదా?"

"పెండ్లి కాలేదత్తా!"

"గందుకే కాలే."

వాడు మణికట్టు రుద్దుకుంటూ నవ్వాడు. ఆమె పాత పంచె ముక్క, ఉతికి ఉతికి మెత్తబడ్డది, వాడి జేబులో కుక్కి పంపింది.

ఆమె శాంతమూర్తి అని రాస్తే అబద్ధం. చేతికి ఏది దొరికితే అది విసిరేది. నా నుదుటి మీద మచ్చ మైనం డబ్బా మూతది. రక్తం కారుతుంటే పసుపు అద్దుతూ కూడా నన్నే తిట్టింది. "నేను కుక్కకు ఇసిరిన. నువ్వెందుకు అడ్డమొచ్చినవ్?"

ఆమె గురించి నేను చెప్పాల్సింది ఒక్క పొద్దుటి సంగతి. కొన్నేండ్ల కిందటిది.

మా దిక్కు కొత్త బండి కొంటే కొందరు కోడిని కోసి ఆ రక్తం బండికి పూస్తారు. వదినకు అది గిట్టదు. ఎండిన రక్తం రంగు మీద మచ్చ పెడుతుంది. "దేవునికిచ్చేది దేవునికియ్యుండ్రి. బండికెందుకు పూస్తరు? దేవుడు బండిని నాకుతడా?" అనేది. అంటూనే తొందరగా కడిగిపెట్టేది.

ఆ రోజు చలికాలం, ఇంకా మసక చీకటి. దుబాయ్ నుంచి వచ్చిన ఒకాయన నల్ల మోటర్‌సైకిల్‌ను వదిలిపోయాడు. వదిన దానికి మైనం పూసి, ఆరుతుంటే చూస్తూ నిలబడింది. అప్పుడు తెల్ల కారు ఒకటి దూసుకొచ్చి అడ్డంగా ఆగింది. సీట్లకు ప్లాస్టిక్ కూడా తీయలేదు. దిగినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తలుపు మూయడం మరిచిపోయాడు.

"జల్ది కడుగుండ్రి. కడిగి పాలిష్ పెట్టుండ్రి. కొత్తగ కనవడాలె."

కారు ముందర అంతా రక్తం.

"ఏందిది?" అంది వదిన.

"కొత్త బండి గదా. కోడిని కోసినం."

నేను పైపు అందుకున్నాను. రక్తం ఎంత ఎండిందో చూద్దామని వదిన వంగింది. వంగినదల్లా అట్లాగే ఉండిపోయింది. ముందరి లైటు అద్దం పగిలి ఉంది. ఆ పగులులోంచి రెండు వేళ్లతో ఏదో లాగింది. కొద్దిగా నెరిసిన వెంట్రుకలు. చివర తోలు ముక్క అంటుకొని ఉంది. వాటిని తీసుకుపోయి వాడి ముక్కు దగ్గర పెట్టింది.

"కోడికి వెంట్రుకలెప్పుడు మొలిచినయిరా?"

వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. "కోడి గాదు... మేకను కోసినం."

"గింతల్నే కోడి మేకయిందా? జరసేపాగితె మనిషైతది. చెప్పు."

వాడు కారులోకి ఉరికాడు. వదిన ముందే చెయ్యి పెట్టి తాళం గుంజుకుంది. వాడు ఆమె జుట్టు పట్టి తలను తలుపుకేసి కొట్టాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను పుట్టినప్పటి నుంచి ఎవరినీ కొట్టినవాణ్ని కాదు.

"మరిదీ, నీళ్లు కొట్టు!"

పంపు పూర్తిగా తిప్పి వాడి ముఖం మీద కొట్టాను. వాడు కళ్లు మూసుకొని వెనక్కి పడ్డాడు. వదిన జాకీ రాడ్ అందుకుంది. మోకాలి మీద కొట్టింది. సబ్బు నీళ్లలో వాడు పొర్లాడు.

"ఏడున్నడు?"

"ఎవలు?"

ఇంకో దెబ్బ. "ఏడ పడేసచ్చినవ్?"

"నా తప్పు లేదు! ఆయనే అడ్డమొచ్చిండు!"

"అడ్డమొచ్చినోడు బతికున్నడా?"

"నేను సూడలే."

ఆ మాటకు ఆమెకు పిచ్చి లేచింది. "బండికి సొట్ట పడ్డదా అని దిగి సూసినవ్. మనిషిని సూడలేదా?" వాడు అడ్డం పెట్టిన చేతి మీద రాడ్ పడింది. ఎముక పటుక్కుమంది. వాడు పశువులా అరిచాడు. ఆమె నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది, అయినా కొడుతూనే ఉంది. నేను వెనక నుంచి రెండు చేతులూ పట్టుకున్నాను.

"వదినె, వీడు సస్తె జాగ ఎవలు చెప్తరు?"

అప్పుడు ఆగింది. నేను పట్టుకోకపోతే చంపేసేది. ఆమెను మెచ్చుకుంటూ రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి.

"కాలువ దాటినంక," అన్నాడు వాడు. "మలుపు కాడ. పాలాయన."

వాడి చేతితో కారు నడవదు. షాపులో బండ్లను ముందుకూ వెనక్కూ జరపడం తప్ప నాకు నడపడం రాదు. వదిన వాణ్ని నా పక్క సీట్లోకి తోసి, వెనక రాడ్ పట్టుకొని కూర్చుంది. నా బతుకులో రోడ్డు మీద కారు నడిపింది ఆ ఒక్కసారే. రెండో గేరు దాటలేదు.

"ఎడ్లబండి గూడ గింతకంటె జల్ది పోతది గదనయ్యా!"

మలుపు దగ్గర సైకిల్ వంకర తిరిగి పడి ఉంది. పాల క్యాన్ మూత ఊడి, పాలు దుమ్ములో పారాయి. పాలలో రక్తం కలిసింది. కుక్కలు నాకుతున్నాయి. వదిన రాడ్‌ను వాటి మీదికి విసిరింది. మనిషి కింద గుంతలో, ముళ్లకంపలో బోర్లా పడి ఉన్నాడు. ఒక కాలు తిరగరాని దిక్కు తిరిగి ఉంది. ఆమె కంపలోకే దిగి ఆయనను వెల్లకిలా తిప్పింది. ఊపిరి ఉంది. కళ్లు మూతపడుతున్నాయి.

చెంప మీద ఒక్కటి కొట్టింది. "ఏయ్ పాలాయనా! పండుకోకు!"

నడుములో దోపుకున్న పాలిష్ బట్టలతో తొడ గట్టిగా కట్టింది. ఇద్దరం మోసుకొచ్చి ప్లాస్టిక్ సీటు మీద పడుకోబెట్టాం. ఆయన తల ఆమె ఒడిలో. దారంతా చెంపలు వాయిస్తూనే ఉంది. నా పక్కన ఆయనను గుద్దినవాడు ఏడుస్తున్నాడు.

"మరిదీ, నువ్వు గూడ ఏదన్న మాట్లాడు. ఆయనకు ఇనవడాలె."

నాకేం మాటలు వస్తాయి? భయంలో బడి గుర్తొచ్చింది. గట్టిగా రెండో ఎక్కం చదివాను. రెండొకట్ల రెండు. రెండ్రెళ్లు నాలుగు. ఎదురుగా లారీ వచ్చేసరికి రెండేడ్ల దగ్గర ఆగిపోయాను.

వెనక నుంచి, నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు, చిన్న గొంతు. "పద్నాలుగు."

వదిన ఏడుస్తూ నవ్వింది. "నీకంటె ఈయనే నయం గదనయ్యా. సదువు, ఇంకా సదువు!"

దవాఖానకు చేరేదాకా చదివాను. ఆయన కాలు మళ్లీ వంగలేదు. ప్రాణం మాత్రం నిలబడింది. కారువాణ్ని పోలీసులు అక్కడి నుంచే తీసుకుపోయారు.

మేము తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కింది. నల్ల మోటర్‌సైకిల్ మీద మైనం గట్టిపడి సున్నం కొట్టిన గోడలా ఉంది. దుబాయ్ ఆయన వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఏందిది? ఎడారిల కష్టపడి కొనుక్కున్న బండి, గిట్ల చేస్తరా?"

ఇప్పుడు ఈయనకు కూడా రాడ్ దెబ్బలే అనుకున్నాను. వదిన నుదురు ఉబ్బి ఉంది, గోళ్ల సందుల్లో రక్తం. "తప్పయింది బిడ్డా. కూసో," అంది. బండిని నీడకు జరిపింది. గట్టిపడిన మైనం మీద కొత్త మైనం పూసి, అది మెత్తబడుతుంటే తుడవసాగింది. ఆయన ఆమె రవిక మీది రక్తం చూశాడు. ఒక బట్ట తీసుకొని రెండో పక్క కూర్చొని తుడిచాడు.

కొన్నాళ్లకు కారువాడి అన్న, ఇంకొందరిని వెంటేసుకొని వచ్చాడు. పోలీసుల దగ్గర విడిపించుకున్న అదే కారులో వచ్చాడు.

"కోర్టుల కోడి రక్తమే అని చెప్పాలె. తెలిసిందా? ఇప్పుడు బండికి పాలిష్ పెట్టు."

"నేను ముట్ట," అంది వదిన.

పంపు పగలగొట్టారు. డబ్బాలు రోడ్డు మీదికి తన్నారు. కట్టెతో ఆమె వీపు మీద కొట్టారు. అడ్డం పోయిన నన్ను గోడకు నెట్టారు. ఆమె ఒకడి చెయ్యి కొరికి, పట్టు వదల్లేదు. వాడే ఏడ్చుకుంటూ పోదాం పోదాం అన్నాడు. వాళ్లు పోయాక ఆమె నోట్లోంచి రక్తం ఉమ్మి, "నాది గాదు మరిదీ, వానిది," అంది. కోర్టులో వెంట్రుకల సంగతే చెప్పింది. అక్కడ కూడా తిడుతుంటే జడ్జి ఆపాల్సి వచ్చింది.

పాలాయన అప్పుడప్పుడు కర్ర పట్టుకొని షాపుకు వచ్చేవాడు. "అక్కా," అనేవాడు. "కుంటుకుంట రోడ్డు మీదికెందుకొస్తవ్? మల్ల ఎవడో గుద్దుతడు, మల్ల నేనే రావాల్నా?" అని ఆమె కసిరేది. ఆయన నవ్వుతూ కూర్చునేవాడు. అంతకుమించి ఇద్దరూ ఆ పొద్దుటి మాట ఎత్తగా నేను వినలేదు.

నేను జైనూర్ నుంచి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నా కోసం ఆపారు. శ్మశానానికి సగం దారిలో పాడె దించాం. దింపుడు కల్లం అంటాం. పోయినవాళ్ల చెవిలో పిలుస్తారు, ప్రాణం ఎక్కడైనా ఆగి ఉంటే వెనక్కి వస్తుందని. ఆమె బిడ్డ పిలిచింది.

పాలాయన కర్ర పక్కన పెట్టి, వంగని కాలు చాపుకొని నేల మీద కూర్చున్నాడు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"అక్కా!"

డప్పులు ఆగాయి. మళ్లీ అరిచాడు. అందరం ఆమె వైపే చూశాం. బతికున్నన్నాళ్లూ ఎవరు పిలిచినా తిట్టకుండా పలకని మనిషి.

పాడె లేచింది. మేం నాలుగడుగులు వేశాక వెనక్కి చూశాను. ఆయన లేవలేదు. కాలు చాపుకొని, ఆమె తల ఉన్నచోట నేల మీదికి వంగి, ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.