సీసం బిళ్ల

జెదెయోన్ తాతకు బైబిల్లోని యుద్ధవీరుడి పేరు పెట్టారు గానీ, పెరట్లో కోడిపుంజు ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనిషాయన. చెస్ట్‌నట్ కాయలు పొగబెట్టి ఎండబెట్టడంలో మాత్రం సెవెన్ అని పిలిచే మా కొండల్లో ఆయనకు సాటి లేరు.

రాజు మన ప్రొటెస్టెంట్ల ప్రార్థనా మందిరాలు కూలగొట్టించి, పాస్టర్లను దేశం దాటించి, అందరూ కాథలిక్కులు కావాల్సిందే అన్నప్పుడు ఊళ్లోకి గుర్రపు సైనికులు దిగారు. లొంగని ఇంట్లో తిష్ఠ వేసి, మంచం పక్కన డోలు వాయించి కంటికి కునుకు లేకుండా చేసేవారు. మతం వదులుతున్నానని సంతకం పెడితే, లేచి ఇంకో లొంగని ఇంటికి పోయేవారు. తాత ఇంటికొచ్చినవాళ్లు జీనులు విప్పకముందే తాత కలం అడిగాడు.

"గుర్రాలకు చెమటన్నా ఆరలేదు కదయ్యా! కాసిని నీళ్లైనా తాగనివ్వాల్సింది," అంది మార్త నానమ్మ.

ఆ సైనికులు అటునుంచి అటే పక్కింటికి, సంఘపెద్ద ఐజాక్ ఇంటికి వెళ్లారు. అక్కడ ముందే ఉన్నవాళ్లకు వీళ్లు తోడయ్యారు. గోడ అవతల డోలు మోగుతుంటే తాత చెవుల్లో ఉన్ని కుక్కుకున్నాడు. ఐజాక్ ఇంటి మంచాలూ పట్టుపురుగుల తట్టలూ సైనికులు విరిచి పొయ్యిలో పెట్టారు. ఆఖరికి ఆయనా సంతకం పెట్టాడు.

ఏడాది తిరిగేసరికి కొండలోయల్లో దొంగచాటు ప్రార్థనలు మొదలయ్యాయి. ప్రభువు చివరి విందుకు గుర్తుగా బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి తగినవాళ్లకు సంఘపెద్ద ముందుగా సీసం బిళ్ల ఇస్తాడు. దాన్ని బల్ల దగ్గర అప్పగిస్తేనే రొట్టె. తనకివ్వడనే అనుకున్నాడు తాత. ఐజాక్ అందరితోపాటే తాత అరచేతిలోనూ పెట్టాడు. తాత దాన్ని గుప్పిట్లో బిగించి, బల్ల దగ్గరికి పోకుండానే, కాల్లో ముల్లు దిగిందని కుంటుతూ ఇంటికొచ్చేశాడు. ఇంటికొచ్చేలోపు కుంటే కాలు మారింది కూడా.

మర్నాడు చెస్ట్‌నట్ పొగపాకలోకి ఐజాక్ వచ్చాడు.

"ఒరే, బిళ్ల ఒకటి తగ్గింది. మింగావా?"

"తీసుకుపో అన్నా. నాకు మొహం చెల్లదు."

"నేనూ పెట్టానురా సంతకం."

"నువ్వు మంచాలు తగలబడ్డాక పెట్టావు. తగలబెట్టినవాళ్లను నీమీదికి తోలింది నేను."

ఐజాక్ పొగకు కళ్లు తుడుచుకుని, బిళ్ల తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

మళ్లీ ప్రార్థన కూడిన పొద్దున మంచు కమ్మింది. ఐజాక్ వరసన అందరికీ బిళ్లలిస్తూ తాతను దాటిపోయాడు. తాత ఇంటిదారి పట్టబోయాడు.

ఐజాక్ వెనక్కి తిరిగాడు. "నీ దగ్గరుందిగా. పద."

నానమ్మ తాతను వీపు మీద చెయ్యేసి ఒక్క తోపు తోసింది. బల్ల దగ్గర తాత చెమటకు తడిసిన బిళ్లను, పాస్టర్లకు బదులు చాటుగా వచ్చి వాక్యం చెప్పే బోధకుడికి ఇచ్చాడు. రొట్టె అందుకోవడానికి మాత్రం చెయ్యి పైకి లేవలేదు. ఆ చేత్తోనే కదా కలం పట్టింది.

నానమ్మ తన రొట్టె తుంచి, "నోరు తెరువు, మహావీరుడా," అంటూ గొర్రెపిల్లకు పెట్టినట్టు నోట్లో పెట్టింది.

తాత తల వంచుకునే నమిలాడు. పక్కనే ఐజాక్ నములుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అటు చూడలేకపోయాడు.