పాఠమా, నిజమా

మొన్న వంటింట్లో నూనె చుక్క మీద కాలు జారి కూలబడ్డాను. కేక విని మా అమ్మాయి వచ్చింది. లేవదీయడానికి ముందు నా చెయ్యి అందుకుని, అరచెయ్యి తడిమి చూసి, "పాఠమా, నిజమా?" అంది. నడుం కలుక్కుమంటున్నా నవ్వొచ్చింది.

ఆ ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది. మా అమ్మాయిని మేం బడికి పంపలేదు. మా ఆయన బ్యాంకు ఉద్యోగం కోసం కలకత్తా వచ్చిన కొత్తలో రెండు బళ్ళు మార్చాం. రెండింటికీ పిల్ల రోజూ పొద్దున్నే కడుపునొప్పి తెచ్చుకునేది. రోజువారీ పనుల్లోనే నేర్చుకుంటుందిలే అని నేను తీర్మానించి, కాదన్న ప్రతివాళ్ళతోనూ వాదించాను. ఆ వాదనలో నేను ఓడిపోయానని మా చుట్టాల్లో ఎవరూ అనరు, అంటే మళ్ళీ మొదలుపెడతానని భయం. కానీ పిల్లను దాని మానాన వదలాలన్న సిద్ధాంతం నాదే, ఊరుకోలేని నోరూ నాదే. అందుకని పాఠాలు దాచిపెట్టేదాన్ని. ఇంటికి చుట్టాలొస్తే పులిహోరకి బియ్యం ఎంత పొయ్యాలో తెలియనట్టు తల పట్టుకునేదాన్ని. బాబూఘాట్ రేవులో నిలబడి, హౌరా వెళ్ళే లాంచీ ఏదో మర్చిపోయాననేదాన్ని. ఒకసారి గరియాహాట్ బజారులో తప్పిపోయినట్టు నటించి గాజుల కొట్టు వెనక నక్కితే, అది తిన్నగా వచ్చి, "అమ్మా, కొంగు కనిపిస్తోంది" అంది. అప్పట్నుంచి నేనేం చెయ్యమన్నా ముందు ఆ ప్రశ్న వేసేది. పాఠమని తేలితే నా మీద దయతలచినట్టు, తీరిగ్గా చేసేది.

దానికి పదేళ్ళప్పుడు మా అత్తగారు శ్రీకాకుళం నుంచి ఒక్కరే బయల్దేరారు. ఎందుకొస్తున్నారో ఫోన్లో ముందే చెప్పారు. "బడి నేని పిల్లకి బతుకేటి? గుంటని నాతో తీసుకొచ్చేసి ఇక్కడ బళ్ళో ఏస్తాను. నువ్వు వాదించకు." మా ఆయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు, నాకూ చెప్పే మనిషి కాదు. ఆ రోజు బడ్జ్ బడ్జ్ బ్రాంచిలో ఏదో తనిఖీ ఉందని చల్లగా తప్పుకున్నారు. ఆవిడకి వంక దొరకకూడదని, రైలు రాకముందే తల్లీకూతుళ్ళం హౌరా చేరాం.

రైలొచ్చింది. జనం దిగారు, కూలీలు ఎక్కి దిగారు. పెట్టె ఖాళీ అయింది. అత్తగారు లేరు. ఆవిడ సీటు కింద చెప్పులు కూడా లేవు. ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. సంచి అడుగున చీరల మధ్య పెట్టుకుని ఉంటారు, ఫోన్ అంటే ఆవిడకి నగలాంటిది. దుప్పట్లు మడతపెడుతున్న మనిషి చూడలేదన్నాడు. ఆవిడకి షుగరు. బెంగాలీ రాదు, హిందీ రాదు. ఆవిడకేమైనా అయితే అన్న భయం ఒక పక్క. అత్తగారినే స్టేషన్లో పోగొట్టుకున్నదాని చేతిలో పిల్లనెవరు వదులుతారన్న భయం ఇంకో పక్క. ఏది ముందు పుట్టిందో నన్నడక్కండి.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "పాఠమా, నిజమా?" అంది.

నిజమంటే అదీ బెదిరిపోతుంది. "పాఠం" అన్నాను.

అది ప్లాట్‌ఫామ్ మీద బెంచీ ఎక్కి కూర్చుని కాళ్ళూపుతూ ఆలోచించింది. "నానమ్మ ఊరొచ్చేముందే సంచులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడుతుంది కదా. హౌరాకి ముందు రైలు సంత్రాగాఛి స్టేషన్లో చాలాసేపు ఆగుతుంది. అక్కడి రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మనవాళ్ళు తెలుగులో మాట్లాడుకుంటూ దిగుతారు. వాళ్ళ వెనకే దిగిపోయుంటుంది."

"టాక్సీలో వెళ్దాం పద" అన్నాను.

"టాక్సీ దారిలో ఇరుక్కుంటుందమ్మా. లోకల్ అయితే అదిగో, ఉంది."

"మనం అటు వెళ్ళాక ఆవిడ ఇటొస్తే?"

"నానమ్మ కూర్చుందంటే లేస్తుందా?"

లోకల్ ఎక్కాం. టికియాపాడా దగ్గర సిగ్నల్ లేక నిలబడిపోయింది. పక్కన పట్టాల మీద ఒక ముసలావిడ గోనెసంచితో అడ్డంగా దాటుతుంటే కిటికీ ఊచలకి మొహం ఆనించి చూశాను. కాదు, ఎవరో. రైలు కదలదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా అమ్మాయి ఝాల్‌ముడీ మరమరాల పొట్లం మీదనుంచి నన్ను తేరిపార చూసి, "ఈసారి ఏడుపు కూడా బాగా చేస్తున్నావే" అంది.

సంత్రాగాఛిలో ప్లాట్‌ఫామ్ చివర, మెట్ల వంతెన నీడలో, సంచి మీద కూర్చుని ఉన్నారు అత్తగారు. పెదాలు ఎండిపోయి, కళ్ళు ఎటూ నిలవక, ఎప్పుడూ అంత చిన్నగా కనిపించలేదు. "ఒలమ్మ, వచ్చారా. ఇది హౌరా కాదేటే? ఎవుల్నడిగినా ఏటేటో అంటన్నారు" అని, మనవరాలి మణికట్టు పట్టుకున్నారు. అది మిగిలిన ఝాల్‌ముడీ ఆవిడ చేతిలో పోసి, నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

ఇంటికి టాక్సీలో వెళ్ళాం. నది మీది వంతెన ఎక్కేసరికి అత్తగారు దాని భుజం మీద నిద్రపోయారు, మణికట్టు వదల్లేదు. నేను నెమ్మదిగా, "ఇది పాఠం కాదు, నిజమే" అన్నాను.

"తెలుసు. నీ చెయ్యి చల్లగా ఉంది. పాఠమప్పుడు వెచ్చగా ఉంటుంది."

"మరి తెలియనట్టున్నావేం?"

"నాకు తెలిసిపోయిందని తెలిస్తే నువ్వు అక్కడే ఏడ్చేసేదానివి. అప్పుడు ఇద్దరినీ చూసుకోవాలి కదా."

అత్తగారు మారిపోయారనుకునేరు. మూడోనాటికే, "తెలివుంటే సరిపోద్దేటి? కాయితం వద్దా?" అని మొదలుపెట్టారు, నేనూ మొదలుపెట్టాను. ఉన్నన్నాళ్ళూ వాదించుకున్నాం. వెళ్ళే రోజు మాత్రం ఆవిడ తన బట్టలే సర్దుకున్నారు. పిల్ల బట్టలడగలేదు.

మొన్న వంటింట్లో నా అరచెయ్యి చల్లగా ఉండటం చూసి అది నన్ను లేవదీసి కూర్చోబెట్టింది. హౌరాలో ఆ రోజు దాని చెయ్యి నా గుప్పిట్లో పూర్తిగా ఇమిడిపోయింది. ఇప్పుడు నాదే దాని గుప్పిట్లో ఇముడుతోంది. ఇది ఏ ఏడాది తిరగబడిందో, అన్నీ కనిపెడుతూనే ఉన్నాననుకున్న నాకు తెలియనే లేదు.