వంటావార్పులో ప్రోగ్రెస్ కార్డులు

ఉద్యమం రోజుల్లో హైదరాబాదులో ఆలస్యానికి సంజాయిషీ అడిగేవాళ్లు లేరు. బంద్ అంటే చాలు. నా ఇరవై నాలుగేళ్ల జీవితంలో నాకు అంతగా కలిసొచ్చిన కాలం మరొకటి లేదు. మీర్‌పేట్ నుంచి చైతన్యపురి కోచింగ్ సెంటర్లో నా ఆఫీసు ఉద్యోగానికి రోజూ గంట ఆలస్యంగా చేరేదాన్ని. పోయింది తాళంచెవి, దాటిపోయింది దిగాల్సిన స్టాపు, నెపం మాత్రం ఉద్యమానిది.

ఒకరోజు పదిన్నరకు వెళ్లి అలవాటు కొద్దీ "బంద్ సార్" అన్నాను. మా సార్‌ది గుంటూరు వైపు. బంద్‌ల సంగతి ఆయనకు తెలిసినంతగా పిలుపిచ్చినవాళ్లకు కూడా తెలిసేది కాదు.

"నిన్న సాయంత్రమే వాయిదా వేశారు కదమ్మా. బస్సులన్నీ తిరుగుతున్నాయి. నువ్వు దేంట్లో వచ్చావు?"

బస్సులోనే వచ్చాను. కిటికీ పక్కన కూర్చుని మరీ వచ్చాను.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే అమ్మాయిని చూసుకుంటానమ్మా" అన్నారు, టీ తాగుతావా అన్నంత మర్యాదగా.

భయపడి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె అంతా విని, ఇది ఏడీహెచ్‌డీ కావచ్చు అంది. మనసు ఒక పని మీద నిలవని స్థితి. మగపిల్లలైతే గంతులేస్తారు కాబట్టి అందరికీ కనబడుతుంది, ఆడపిల్లలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు కాబట్టి నెమ్మదస్తురాలని మెచ్చుకుంటారు.

"కానీ చిన్నప్పటి నుంచీ ఉందని తేలాలి. మీ అమ్మగారిని, మీ స్కూలు ప్రోగ్రెస్ కార్డులను తీసుకురండి."

వస్తువులు పోగొట్టుకునే జబ్బు ఉందని నిరూపించడానికి పదిహేనేళ్లుగా పోగొట్టుకోని కాగితాలు కావాలట. కాలు విరిగినవాడిని మూడో అంతస్తు ఎక్కి ఎక్స్‌రే తీయించుకోమన్నట్టుంది.

నల్లగొండ పల్లె నుంచి తెచ్చుకున్న ఇనుప పెట్టెలో కార్డులన్నీ అమ్మ దాచింది. నా మాట మాత్రం నమ్మలేదు.

"బద్ధకానికి గూడ డాక్టర్ చీటీనానే? నేనొస్త. నీకేం లేదని చెప్పనీకొస్త."

కార్డుల కవరు నా చేతికివ్వలేదు. "నీ చేతిల పెడితే అయిపాయె. నేనే పట్టుకుంట."

పన్నెండింటికి డాక్టర్ రమ్మంది. ఎల్బీనగర్‌లో బస్సు ఆగిపోయింది. ఆ రోజు వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తిని, బండ్లన్నీ ఆపేసే నిరసన. మేం దిగి, జనంలోంచి అవతలికి పోయి ఆటో పట్టుకోవాలి. సగం దూరం పోయాక అమ్మ ఒక పొయ్యి దగ్గర ఆగింది.

"పప్పు అడుగంటుతున్నది. ఒక్కలన్న కలుపుతలేరు."

"అమ్మా, పన్నెండు కావస్తోంది."

"ఒస్తున్న. రెండు నిమిషాలు."

గంటె అందుకుంది. రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. పప్పులో ఉప్పు, తర్వాత చింతపండు, ఆపైన పొయ్యిలో కట్టెలు అమ్మ చూపుకు తగులుతూనే ఉన్నాయి. చివరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆటో ఎక్కించాను.

డాక్టర్ కార్డులు అడిగింది. అమ్మ చెయ్యి ముందుకు చాచింది. ఆ చేతిలో కవరు లేదు. పప్పు గంటె ఉంది.

ఆటోలో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. ఆ గంటెను ఇద్దరిలో ఎవరమూ గమనించలేదు.

"నువ్వన్న చెప్పద్దానే" అంది అమ్మ.

డాక్టర్ గంటె గురించి ఏమీ అడగలేదు. నా చిన్నతనం గురించి అడిగింది. అమ్మ మొదలుపెట్టింది. పుస్తకాల సంచి బడిలోనే వదిలేసి వచ్చేదాన్నట. పాలు చూడమంటే పొంగుతుంటే చూస్తూనే నిలబడేదాన్నట. చెప్పింది వింటున్నట్టే ఉండేదాన్నట, ఒక్క ముక్క చెవికెక్కేది కాదట. నన్ను తిట్టడానికి ఇంత మంచి అవకాశం అమ్మకు ఎప్పుడూ దొరకలేదు. డాక్టర్ అన్నీ రాసుకుంది.

"ఇవన్నీ లక్షణాలేనమ్మా."

"గివేం లక్షణాలు? నేను గూడ గట్లనే ఉంట."

ఆ మాట అనేశాక అమ్మ గంటెను మెల్లగా ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పింది.

డాక్టర్ నాకు మందులు, సార్‌కు చూపించడానికి ఒక ఉత్తరం రాసింది. ఉత్తరం కోసం చెయ్యి చాపిన అమ్మ మళ్లీ వెనక్కి తీసుకుంది.

"నువ్వే పట్టుకో బిడ్డా."

ఎల్బీనగర్ దాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చాను. గంటె ఇచ్చేద్దామని పోతే పప్పు అయిపోయింది. ఒక వేడి అన్నం గిన్నె కింద కవరు, అందులోంచి బయటికి జారిన కార్డులు ఉన్నాయి. పై కార్డు మీద గుండ్రంగా మసి మరక, దాని మధ్యలో టీచర్ రాత: పరధ్యానం ఎక్కువ. కింది కార్డులోనూ అదే. ఏడేళ్లూ అదే.

ప్రతి దాని కింద అమ్మ సంతకం ఉంది.

"సంతకం పెట్టుమన్నరు, పెట్టిన" అంది అమ్మ, మసి తుడుస్తూ. "చదువుమని ఎవ్వలు జెప్పలే."