నడవొద్దన్నాను

మా అమ్మను ఇంగ్లండ్ ప్రయాణంలో చేర్చుకున్నది క్యూ కోసం. ఈ సంగతి మా ఆవిడకు తెలుసు, పెద్దమ్మాయికి తెలుసు. ముగ్గురం దాని గురించి మాట్లాడుకోం.

మా ఆవిడ చెల్లెలు మాంచెస్టర్ దగ్గర ఒక ఆస్పత్రిలో నర్సు. వేసవి సెలవుల్లో రమ్మని ఎప్పటినుంచో పిలుస్తోంది. కిందటేడు కాక అంతకు ముందటేడు, దసరా తర్వాత, సరే అన్నాం. ప్రణాళిక వేసే పని పద్నాలుగేళ్ల పెద్దమ్మాయి తీసుకుంది. డ్రాయింగ్ షీటు మీద గళ్లు గీసి, ఈ హిందీ ఊళ్లో కద్మా అనే పేటలో ఉన్న మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అతికించింది. మొత్తం పది రోజులు. ముందు మూడు రోజులు పిన్ని ఇల్లు. తర్వాత మూడు రోజులు బ్లాక్‌పూల్‌లో సముద్రం. ఒక రోజు థీమ్ పార్కు. మిగిలినవి మళ్లీ పిన్ని ఇల్లు, షాపింగు. పైన నాలుగు పేర్లు: నాది, మా ఆవిడది, ఇద్దరమ్మాయిలవి.

ఇంట్లో ఉండేది ఐదుగురం.

అమ్మ పేరు లేకపోవడం మాకెవరికీ వింతగా అనిపించలేదు. ఆమెకు డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు అరిగాయి. చేతికర్ర పట్టుకుని తన గది నుంచి వంటింటికి రావడానికే రెండుసార్లు ఆగేది. మేం వెళ్లిన పది రోజులూ ఇదే ఊళ్లో పర్సుడీహ్‌లో మా అక్క దగ్గర ఉంటుందనుకున్నాం. ఆమెతో మాత్రం ఆ మాట అనలేదు. నీళ్ల సీసా కోసం ఆమె రోజూ ఆ ఫ్రిజ్ తలుపు తీసేది. ఇంగ్లీషు చదవలేదు కాబట్టి ఫరవాలేదనుకున్నాం. నాలుగు పేర్లు లెక్కపెట్టడానికి ఇంగ్లీషు అక్కర్లేదన్న సంగతి నాకు తట్టలేదు.

థీమ్ పార్కు దగ్గర ప్రణాళిక చిక్కుకుంది. అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లు రాసినవన్నీ పెద్దమ్మాయి ఫోనులో చదివేది. ఒక్కో రైడుకూ గంట, గంటన్నర క్యూలో నిలబడాలట. అలా అయితే రోజుకు నాలుగు రైడ్లు ఎక్కితే గొప్ప. ఆమె జాబితాలో తొమ్మిది ఉన్నాయి. నాలుగే అనేసరికి చిన్నది అన్నం తినకుండా పడుకుంది.

ఒక ఆదివారం పెద్దది ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "నాన్నా, యే దేఖో."

ఎక్కువసేపు నిలబడలేని వాళ్లకు అక్కడ వేరే దారి ఉంది. డాక్టరు రాసిన ఉత్తరం చూపించాలి. వాళ్లతో వచ్చిన నలుగురినీ అదే దారిలో లోపలికి పంపుతారు.

"నలుగురంటే మనమే కదా," అంది మా ఆవిడ.

అమ్మ తన గదిలో టీవీ చూస్తోంది. ఆ చప్పుడు మాకు వినిపిస్తోంది.

"అత్తయ్యగారు విమానంలో అంతసేపు కూర్చోగలరంటారా?"

"కూర్చోవడమే కదా," అన్నాను. "అమ్మని తీసుకెళ్దాం."

ఆ మాట అన్నది నేను. పెద్దమ్మాయి వెంటనే ఎర్ర పెన్నుతో ఐదో పేరు రాసింది. పక్కన చిన్న చక్రం బొమ్మ వేసింది.

అమ్మతో చెప్పడానికి నేనే వెళ్లాను.

"నాకేటి పని రా అక్కడ?" అంది. "పిల్లల్ని సూడ్డానికా?"

"కాదమ్మా. ఊరికే. అందరం కలిసి."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆమె టీవీ ఆపేసింది. "అక్కడ సముద్రం ఉంటాదా?"

"మూడు రోజులు సముద్రం దగ్గరే."

"కాళ్లు పెట్టనిత్తారా?"

"పెట్టనిస్తారు. నీళ్లు బాగా చల్లగా ఉంటాయట."

"సల్లగుంటే ఏటి? సముద్రం సముద్రమే కదా."

ఆమె పుట్టింది కళింగపట్నం పక్కన. పదిహేడో ఏట పెళ్లయి ఈ ఊళ్లోని బాగ్‌బేరాలో నాన్న రైల్వే క్వార్టర్‌కు వచ్చింది. పుట్టింటి వాళ్లు పోయాక అటు వెళ్లే పని లేకపోయింది. పూరీకి ఇక్కడి నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నకు దిగొచ్చు. నేను స్నేహితులతో రెండుసార్లు, పెళ్లయిన కొత్తలో మా ఆవిడతో ఒకసారి వెళ్లాను. అమ్మను తీసుకెళ్లలేదు. ఆమె అడగలేదు. అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటు.

మర్నాడు పొద్దున్నే ఆమె నడవడం మొదలుపెట్టింది. మొదటి రోజు గేటు దాకా. వారం తర్వాత సందు చివరి దాకా. పక్కింట్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉంటుంది. అమ్మ కన్నా పదేళ్లు చిన్న, అమ్మను వాళ్ల వైపు అక్కను పిలిచినట్టు అప్ప అని పిలుస్తుంది. ఆవిడ తోడు వచ్చేది. మోకాళ్లకు చెయ్యమని మూడేళ్ల కిందట డాక్టరు చూపించిన వ్యాయామాలు అమ్మ ఒక్కరోజూ చేసి ఎరగదు. ఇప్పుడు మంచం మీద కూర్చుని రెండు పూటలా చేసేది. మా అక్క పర్సుడీహ్ బజారులో కాన్వాసు బూట్లు కొనిచ్చింది. జన్మలో అవే ఆమె మొదటి బూట్లు.

"పీటీ పీరియడా నాన్నమ్మా?" అంది చిన్నది, చీర కింద బూట్లు చూసి.

"పీటీయే. మీ టీచర్ని కూడా రమ్మను. నా ఎనక ఉరకలేదు."

రెండు నెలలు తిరిగేసరికి చేతికర్ర గోడమేకుకు వేలాడుతోంది. నొప్పి పోయిందని కాదు. నడుస్తోంది. "నా కోసం ఎవురూ ఆగక్కర్లేదు," అని మా ఆవిడతో అంది. "మీతో సమానంగా నడుత్తాను."

మా ఆవిడ ఆ సాయంత్రం వంటింట్లో గొంతు తగ్గించి నన్నడిగింది. "ఇలా అయితే డాక్టరు రాస్తాడా?"

డాక్టరు దగ్గర జరిగింది చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన రైల్వే యార్డులో వ్యాగన్లు తగిలించే పని చేసేవాడు. కొన్నేళ్లకోసారి మెడికల్ పరీక్ష ఉండేది. డాక్టరు ఫిట్ అని రాస్తే అదే పని. అన్‌ఫిట్ అంటే ఇంకో చోటికి, తక్కువ జీతానికి. నేను ఆరో తరగతిలో ఉండగా ఆయన మోకాలికి దెబ్బ తగిలి కుంటేవాడు. అప్పుడే మెడికల్ వచ్చింది. రెండు వారాలు అమ్మ ఆయన్ని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించింది. "కాలు ఈడవకు. తల ఎత్తు. డాక్టరు కాళ్లు సూడడు, మొకం సూత్తాడు." నేను మెట్టు మీద పుస్తకం పట్టుకుని చూస్తుండేవాణ్ణి. నాన్న ఫిట్ అయ్యాడు. మందు కోసం వెళితే డాక్టరుకు నొప్పి చెప్పాలి, కాగితం కోసం వెళితే దాచాలి. మా ఇంట్లో చిన్నప్పుడే అందరం నేర్చుకున్నది ఇది. ఈ ఊళ్లో చాలా ఇళ్లలో అంతే.

నేను అమ్మతో చెప్పింది ఒక్కటే: "డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి." ఆమెకు ఆ మాట చాలు.

జనవరిలో వెళ్లాం. ఇస్త్రీ చీర కట్టుకుంది, బూట్లు వేసుకుంది. చేతికర్ర ఇంట్లోనే వదిలేసింది. తెమ్మని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. గోడ దాకా నడిచి చూపించమన్నాడు డాక్టరు. నడిచింది, తిరిగింది, వచ్చింది. అడక్కుండానే ఇంకోసారి వెళ్లి వచ్చింది. తల ఎత్తి, డాక్టరు మొహంలోకి చూస్తూ. ఆ నడక నేను వరండాలో చూసినదే.

డాక్టరు నవ్వాడు. "మాతాజీ తో దౌడ్ రహీ హైఁ." ఇలా పరుగెత్తే మనిషికి నిలబడలేదని ఎలా రాయమంటారని నన్ను హిందీలో అడిగాడు. ప్రయాణానికి ఫిట్ అని రాసిచ్చాడు. అమ్మకు ఆ హిందీలో ఎంత అర్థమైందో తెలియదు. ఫిట్ అన్న మాట మాత్రం తెలిసింది.

ఆటోలో కూర్చోగానే, "పాసయ్యాను కదరా?" అంది.

నేను డాక్టరిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఏటి, మొకం అలాగున్నాది? ఇంకో రౌండు నడవమంటే నడుద్దును."

"నువ్వు నడవొద్దమ్మా," అన్నాను. "నువ్వు నడవలేకపోతేనే అక్కడ మాకు పని."

ఆమెకు కొంచెం చెవుడు. ఈ మాట మాత్రం ఆటో చప్పుడులో కూడా వినిపించింది. "ఏం పని?" అంది. చెప్పాను. క్యూ సంగతి, వేరే దారి సంగతి, చక్రాల కుర్చీ సంగతి, నలుగురి సంగతి. ఆఫీసులో పైఅధికారికి చెప్పినట్టు వరసగా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి ఆటో కద్మా మలుపు తిరిగింది.

"అయితే కుర్చీలో కూకోవాలన్నమాట."

"అవును."

"అందుకేనా నన్ను తీసుకెల్తన్నారు?"

"అందుకొక్కటే కాదులే."

"ముందే సెప్పొచ్చు కదరా. అక్కడ కాలు బాగా ఈడుద్దును." అని నవ్వింది.

నేనూ నవ్వాను. సమస్య తేలిపోయిందని నాకు హాయిగా అనిపించింది కూడా. ఆ రోజు నేను చేసిన వాటన్నిటిలో ఇప్పుడు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ నవ్వు.

తర్వాత బూట్లు మంచం కిందికి పోయాయి. చేతికర్ర మేకు దిగింది. మడిచే చక్రాల కుర్చీ ఒకటి కొన్నాం. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మ అందులోనే కూర్చుని ఉండేది. పిల్లలు హాల్లో అటూ ఇటూ తోసేవాళ్లు.

"నాన్నమ్మా, కాళ్లు కదపకు. ప్రాక్టీస్."

"కదపట్లేదు తల్లీ. బొమ్మలాగున్నాను."

ఇంకో డాక్టరును ఇంటికి పిలిపించాం. ఆయన ఆమెను కుర్చీలోనే చూసి ఉత్తరం రాసిచ్చాడు. ఫ్రిజ్ మీది షీటులో తొమ్మిది రైడ్లకూ టిక్కులు పడ్డాయి. ఆ నెల మా ఇల్లు సంతోషంగా ఉంది. అబద్ధం రాయడం ఇష్టం లేక చెబుతున్నాను. అందరం సంతోషంగానే ఉన్నాం. అమ్మ కూడా అలాగే కనిపించింది.

మార్చిలో ఒక బుధవారం పొద్దున పది దాటాక పక్కింటావిడ నుంచి ఫోను. ఫ్యాక్టరీ నుంచి నేను వెళ్లేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అమ్మను వాళ్ల వరండాలో మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. గుండె అన్నాడట. గేటు దగ్గర ఒక్కసారి కూలబడిందట, అంతే.

కాళ్లకు బూట్లున్నాయి.

"ఈ బూట్లేంటి?" అన్నాను. ఆ సమయంలో అడగాల్సిన మాట అది కాదు. అదే వచ్చింది.

పక్కింటావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రోజూ ఏసుకునీది బాబూ. మీరిద్దరూ డ్యూటీలకి, పిల్లలు ఇస్కూలుకి ఎల్లగానే ఇద్దరం గుడి దాకా నడిసీవోళ్లం. మీరొచ్చీసరికి అప్ప కుర్చీలో ఉండీది. మీకు సెప్పొద్దనీది."

"ఎందుకు?"

"కుర్చీ పని లైను కాడే కదా అనీది. సముద్రం కాడ లైను ఉండదు, అక్కడ దిగి నడుత్తాను అనీది. మావోడికి అప్పుడే తెలవాలి అనీది."

ఆవిడ నన్ను దెప్పడానికి అన్నది కాదు. అడిగాను కాబట్టి చెప్పింది. బూట్ల లేసులు రెండు ముళ్లు వేసి ఉన్నాయి. అవి విప్పడం ఆవిడకు రాలేదు. నేను కింద కూర్చుని విప్పాను. మడమల దగ్గర అడుగు అరిగిపోయింది.

గుండెకూ నేను అన్న మాటకూ సంబంధం లేదని నాకు తెలుసు. చదువుకున్నవాణ్ణి. సంబంధం ఉందనుకుంటే నాకు ఏదో శిక్ష పడినట్టూ తీరిపోయినట్టూ ఉంటుంది. అందుకని అనుకోను.

ప్రయాణం ఏడాది వాయిదా వేశాను. తల్లి పోయిన ఏడాది కొడుకు విహారాలకు వెళ్లకూడదని మా వైపు ఒక ఆచారం ఉంది. నాకు అలాంటి వాటి మీద నమ్మకం లేదు, ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ మాటే చెప్పాను. బంధువులు మెచ్చుకున్నారు. మా అక్క పర్సుడీహ్‌లో పదిమందికి చెప్పింది, ఇంగ్లండ్ మానుకున్నాడు, అమ్మంటే వాడికి అంత, అని. నేను కాదనలేదు. కుర్చీని బాగ్‌బేరా నుంచి ఎవరో వచ్చి తీసుకెళ్లారు.

ఈ మధ్యే సంవత్సరీకం అయింది. మరుసటి ఆదివారం పెద్దమ్మాయి పాత షీటు తీసేసి కొత్తది అతికించింది. పైన నాలుగు పేర్లు. ఈసారి ప్రతి రైడు పక్కన క్యూ సమయం రాసింది: డెబ్బై నిమిషాలు, తొంభై, ఎనభై. తొమ్మిదీ ఎక్కాలంటే పార్కుకు మూడు రోజులు కావాలి. ఆ రెండు రోజులూ ఎక్కడి నుంచి తెచ్చిందా అని చూశాను. బ్లాక్‌పూల్ గడిలో ఒక రోజే మిగిలింది.

"నాన్నా, సముద్రానికి ఒక్క రోజు చాలు, హై నా?" అంది.

మా ఆవిడ గిన్నెలు సర్దడం ఆపి నా వైపు చూసింది.

చాలు అన్నాను.